నీళ్లలో గేదె... ఫోన్లో లేత్‌!

సంతలో ఎద్దును కొనాలంటే నోరు తెరిపించి పళ్లు లెక్కపెడతాం. అదే లక్ష రూపాయల పాత మిషను కొనాల్సొస్తే నాలుగు ఫొటోలు చూసి డబ్బు పంపేస్తున్నాం. ఊళ్లో వర్క్‌షాపు పెట్టుకుందామనుకునే కుర్రాళ్లకి ఈ తొందర ఎంత ఖరీదైనదో గూడెం కొత్తవీధి లాంటి కొండమీది ఊరినుంచి చూస్తే బాగా తెలుస్తుంది.

మన్యంలో వారపు సంత. ఎద్దు కొనడానికొచ్చిన రైతు దాని రంగు చూసి మురిసిపోడు. మూతి పట్టుకుని నోరు తెరిపిస్తాడు. పళ్లు చూసి వయసు కడతాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. కాడి రాసుకున్న చోట పుండేమైనా ఉందేమోనని మెడమీద చేత్తో తడుముతాడు. ఎద్దుదాకా ఎందుకు... ఒక్క కొడవలి కొనాలన్నా అంచుమీద గోరు ఆనించి చూస్తాడు, పిడి లాగి చూస్తాడు. అప్పుడుగానీ నడుముకు చుట్టుకున్న డబ్బు బయటికి తీయడు.

ఆ రైతు కొడుకే రాత్రిపూట ఫోను తెరిచి, ఎక్కడో ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలున్న పాత లేత్‌ మిషను ఫొటోలు చూస్తాడు. ‘సూపర్‌ కండిషన్‌’ అన్న మాట చదువుతాడు. తెల్లారేసరికి అడ్వాన్సు వెళ్లిపోతుంది!

గేదె నీళ్లలో ఉండగా బేరమాడినట్టు... అని ఇలాంటి బేరాలకే మన పెద్దలు సామెత చెప్పారు. నీళ్లపైన కనిపించేది తలా, కొమ్ములూ మాత్రమే. కాళ్లు సరిగా ఉన్నాయో, పొదుగు ఎలా ఉందో గట్టుమీదికి వస్తేనే తెలిసేది. ఫోను తెరమీద పాత మిషనూ అంతే.

కొండమీద వర్క్‌షాపు ఎందుకంటే...

గూడెం కొత్తవీధి ఒకప్పుడు విశాఖ జిల్లా మండలం. 2022 ఏప్రిల్‌ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. నర్సీపట్నం దగ్గర మైదానం వదిలి ఘాట్‌ రోడ్డెక్కి లంబసింగి, చింతపల్లి దాటాక వస్తుంది. ఆపైన సీలేరు దారి. చుట్టూ కాఫీ తోటలు, వాటికి నీడనిచ్చే సిల్వర్‌ ఓక్‌ చెట్లు, ఆ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు.

ఇనుము పని ఈ కొండలకి కొత్త కాదు. షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్న ‘కమ్మర’ తెగవారికి నాగటి కర్రులూ గొడ్డళ్లూ కొడవళ్లూ చేయడం తాతలనాటి వృత్తి. కాకపోతే ఇప్పుడు కొలిమి ఒక్కటే సరిపోదు. బైకులొచ్చాయి. ఆటోలొచ్చాయి. పవర్‌ స్ప్రేయర్లూ, నీళ్ల మోటార్లూ, కాఫీ పండ్ల తొక్క తీసే బేబీ పల్పర్లూ వచ్చాయి. వాటిలో ఒక చిన్న బుష్‌ అరిగినా, షాఫ్ట్‌ వంగినా లేత్‌ ఉన్న షాపు కావాలి. అది దగ్గర్లో లేకపోతే ఘాట్‌ దిగి వెళ్లాలి. ఒక రోజు పోతుంది, కూలీ పోతుంది.

కాఫీ కాలంలో అయితే ఆ ఒక్క రోజే చాలా ఖరీదైనది. నవంబరు నుంచి పండు కోతకొస్తుంది. కోసిన రోజే పల్పర్‌లో వేసి తొక్క తీయాలి. రాత్రంతా కుప్పగా ఉంటే పండు పులిసి గింజ నాణ్యత పడిపోతుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గర్వపడతాం. ఆ పేరును నిలబెట్టే పనిలో పల్పర్‌ బాగుచేసే మెకానిక్‌కీ వాటా ఉంది. అందుకే ఇలాంటి ఊళ్లో ఓ చిన్న వర్క్‌షాపు పెడతానని ఎవరైనా ముందుకొస్తే సంతోషించాల్సిందే. చిక్కల్లా కొత్త మిషన్ల ధర దగ్గరే. కొత్తది అందదు కాబట్టి కళ్లు పాతదానిమీద పడతాయి. పాతది ఎక్కడ దొరుకుతుంది? ఇదివరకైతే విశాఖ ఆటోనగర్‌కో, విజయవాడకో వెళ్లి నాలుగు షెడ్లు తిరిగేవారు. ఇప్పుడు ఆ బజారంతా ఫోన్లోకి వచ్చేసింది.

ఒక కుర్రాడి కథ అనుకుందాం

ఐటీఐలో టర్నర్‌ కోర్సు చేసి, ఆటోనగర్‌లో రెండేళ్లు పనిచేసి సొంతూరికి తిరిగొచ్చిన ఓ కుర్రాడిని ఊహించుకోండి. నాన్న ఆ ఏడాది కాఫీ డబ్బు చేతికిచ్చాడు. అమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది. అంతా కలిపి లక్షన్నర. ఫోన్లో ఆరడుగుల లేత్‌ ఒకటి కనిపించింది. ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది. లక్షా పదివేలు.

ఫోను చేశాడు. ‘‘చూడ్డానికి వస్తానండీ’’ అన్నాడు.

‘‘రా బ్రదర్‌, తప్పకుండా రా. కానీ రేపు ఇంకో పార్టీ వస్తోంది. ఇరవై వేలు టోకెన్‌ కొట్టావంటే నీకే ఉంచుతా’’ అన్నాడు అవతలాయన.

టోకెన్‌ వెళ్లింది. టోకెన్‌ ఇచ్చాక చూడ్డానికి వెళ్లడమెందుకనిపించింది. మిగతా డబ్బూ వెళ్లింది. లారీ కిరాయి, ఎక్కించినందుకు కూలీ, ఘాట్‌ ఎక్కడానికి మళ్లీ చిన్న బండి, దాని కిరాయి... ఇంకో ముప్ఫై వేలు. ఊళ్లో క్రేన్‌ లేదు. పదిమంది తాళ్లూ వెదురు బొంగులూ వేసి దించారు. ఊరంతా వచ్చి చూసింది. అమ్మ పసుపు కుంకుమ పెట్టింది.

మర్నాడు మోటారు మీదున్న ప్లేటు తుడిచి చూస్తే తెలిసింది... అది త్రీఫేజ్‌ మోటారు. షెడ్డుకి ఉన్నది సింగిల్‌ ఫేజ్‌ కరెంటు. సరే, మోటారు మార్చాడు. మిషను తిరిగింది. గేర్లు మార్చుతుంటే ఒక స్పీడులో ‘టక్‌... టక్‌’ అని చప్పుడు. లోపల పన్ను విరిగిన గేరు. రాడ్డు బిగించి ఒక కోత వేశాడు. ఒక చివర లావు, ఇంకో చివర సన్నం. మరలు కోసే గేర్ల సెట్టు అసలు రానేలేదు. హెడ్‌స్టాక్‌ కింద రంగు గీకితే పగిలినచోట వెల్డింగ్‌ పెట్టిన గుర్తు!

పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. పని తెలియక మోసపోలేదతను. ఆ మిషను ముందు పది నిమిషాలు నిలబడి ఉంటే ఇవన్నీ తనే చెప్పగలిగేవాడు. నిలబడలేదు... అంతే.

తిప్పి పంపేద్దామా అంటే, పంపడానికయ్యే ఖర్చు తెచ్చినదానికి తక్కువుండదు. అవతల ఫోను మోగుతుంది, ఎత్తేవాళ్లుండరు. మైదానంలో ఉన్నవాడికి ఇది నష్టం. కొండమీద ఉన్నవాడికి ఒక పంట కాలం మొత్తం.

ఫొటోకి అందనివి

ఫొటోలో రంగు కనిపిస్తుంది, అరుగుదల కనిపించదు. లేత్‌లో ముందుగా అరిగేది బెడ్‌. అదీ అంతటా ఒకేలా అరగదు. పనంతా చక్‌ దగ్గరే జరుగుతుంది కాబట్టి అక్కడ ఎక్కువ, తోక వైపు తక్కువ. క్యారేజీని చక్‌ దగ్గర వదులు లేకుండా బిగించి, మెల్లగా తోక వైపు జరిపి చూడాలి. మధ్యలో బిగుసుకుపోతే బెడ్‌ అరిగిందన్నమాటే. ఈ పరీక్షకి మీటర్లు అక్కర్లేదు, చెయ్యి చాలు. కానీ ఆ చెయ్యి అక్కడుండాలి.

క్రాస్‌స్లైడ్‌ పిడిని వెనక్కి తిప్పినప్పుడు పావు చుట్టు తిరిగినా స్లైడ్‌ కదలకపోతే స్క్రూ, నట్టు అరిగాయని. స్పిండిల్‌కి రాడ్డు బిగించి పైకి ఎత్తి చూస్తే, కదలిక తెలిసిందంటే బేరింగులు చూడాల్సిందేనని. ప్రతి స్పీడులోనూ వేసి వినాలి. చివరగా ఒక రాడ్డు మీద కోత వేసి రెండు చివర్లా మైక్రోమీటర్‌తో కొలవాలి. అమ్మేవాడి మాటకీ మిషను మాటకీ తేడా అక్కడ తేలిపోతుంది.

వీడియో పంపమంటే సరిపోదా? కొంత నయం. అయితే వీడియోలో వినిపించే చప్పుడు ఈ మిషనుదే అని ఎవరు చెప్పాలి? అప్పటికప్పుడు వీడియో కాల్‌ చేసి, నంబరు ప్లేటు చూపించమని, ఆగి ఉన్న మిషన్ని మన కళ్లముందే స్టార్ట్‌ చేయమని అడగాలి. అప్పుడు కూడా బెడ్‌ అరుగుదల చేతికి తెలియదు.

పల్పర్‌ కొనేవాళ్లకీ ఇదే మాట. దాని డ్రమ్ము మీది బొడిపెల రేకు అరిగినా, సందు సరిగా లేకపోయినా గింజ కోసుకుపోతుంది. తెగిన గింజకి ధర తగ్గుతుంది. ఫొటోలో మాత్రం డ్రమ్ము గుండ్రంగా, అందంగానే ఉంటుంది!

డబ్బుతో పోయేది కాదు

మిషను పనిచేయకపోతే డబ్బు పోతుంది. తప్పుగా పనిచేస్తే ప్రాణం మీదికొస్తుంది. పాత ఎయిర్‌ కంప్రెసర్‌ ట్యాంకులో గాలిలోని తేమ నీరై అడుగున చేరుతుంది. రోజూ తీసెయ్యకపోతే లోపలినుంచి తుప్పు తింటుంది. బయట ఎంత రంగు వేసినా రేకు పల్చబడిన సంగతి తెలియదు. ఏదో ఒకరోజు ఒత్తిడికి తట్టుకోలేక పేలుతుంది. అందుకే సేఫ్టీ వాల్వు పనిచేస్తోందో లేదో చూడకుండా, ట్యాంకుని నీటి ఒత్తిడితో పరీక్ష చేయించకుండా పాత కంప్రెసర్‌ వాడకూడదు.

గ్రైండింగ్‌ మిషనుతో వచ్చే పాత రాయి కూడా అలాంటిదే. ప్రయాణంలో దెబ్బ తగిలి కంటికి కనిపించని బీట పడొచ్చు. రాయిని విప్పి వేలికి వేలాడదీసి చెక్క పిడితో మెల్లగా తట్టాలి. ‘ఖంగ్‌’మంటే మంచిది. మొద్దుబారిన చప్పుడొస్తే పక్కన పడేయాలి. పాత వెల్డింగ్‌ సెట్టు అయితే ఇన్సులేషన్‌ పరీక్ష, ఎర్తు తప్పనిసరి. నెలలకొద్దీ వానా పొగమంచూ ఉండే ఊళ్లో ఈ మాట రెండుసార్లు చెప్పుకోవాలి. పాత పవర్‌ ప్రెస్‌కి గార్డు ఉందో లేదో చూడాలి. అది లేని మిషను చవగ్గా వస్తుంది. వేళ్లు మాత్రం మళ్లీ రావు.

‘తెలిసినవాడు’ అమ్ముతాడు, ‘తెలియనివాడు’ కొంటాడు

పాత సరుకు బేరంలో ఈ చిక్కు ఎందుకొస్తుందో జార్జ్‌ అకర్లాఫ్‌ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని వివరించాడు. వస్తువు గుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకే కొనేవాడు అనుమానంతో ధర తగ్గిస్తాడు. ఆ తగ్గించిన ధరకి మంచి సరుకున్నవాడు అమ్మడానికి ఇష్టపడడు, వెనక్కి వెళ్లిపోతాడు. చివరికి బజారులో మిగిలేది ఎక్కువగా చెడ్డ సరుకే. ఈ పరిశోధనకి 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్‌ బహుమతి వచ్చింది. సంతలో ఎద్దు పళ్లు లెక్కపెట్టే రైతు ఈ సిద్ధాంతం చదవకుండానే దానికి విరుగుడు కనిపెట్టాడు!

అలాగని పాత మిషన్లన్నీ పనికిరానివని కాదు. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్‌, 1953లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ లాంటి సంస్థల పాత మిషన్లంటే మేస్త్రులకి ఇప్పటికీ గౌరవమే. చింత చచ్చినా పులుపు చావదు. బాగా వాడుకున్న పాత మిషను, నాసిరకం కొత్తదానికన్నా ఎక్కువ కాలం రావచ్చు. చిక్కు పాతదనంతో కాదు, చూడకపోవడంతోనే.

పేపర్లో మీరు చదవని ప్రకటన

వేలం ప్రకటనలు రోజూ పేపర్లో వస్తూనే ఉంటాయి. ‘ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే’ అన్న మాట వాటిలో కనిపిస్తుంది. చాలామంది దాన్ని దాటేసి ధర దగ్గరికి వెళ్లిపోతారు. నిజానికి ప్రకటన మొత్తానికీ ఆ మాటే ముఖ్యం. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఆన్‌లైన్‌ వేలాల్లోనూ ఇదే షరతు. ప్రభుత్వ సంస్థల పాత యంత్రాలూ తుక్కూ ఆ వేలాల్లోనే అమ్ముడవుతుంటాయి. పాడుకునేముందు సరుకు చూసుకోవడానికి సమయమిస్తారు. చూడకుండా పాడితే చూసినట్టే లెక్క. తరవాత ఫిర్యాదుకి తావుండదు. అంటే, అన్నీ పద్ధతిగా నడిచే సర్కారు వేలంలో కూడా ‘వచ్చి చూసుకో’ అనే అంటున్నారు. ముక్కూ మొహం తెలియనివాడు ‘చూడక్కర్లేదు’ అంటే నమ్మొచ్చా?

చట్టం ఎంతవరకు?

1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకి తగ్గట్టు ఉండాలి. ముందుగా చూడని సరుకు చేతికొచ్చినప్పుడు దాన్ని పరీక్షించుకునే అవకాశం కొనేవాడికి ఉండాలి. అందుకే ‘త్రీఫేజా, సింగిల్‌ ఫేజా, బెడ్‌ ఎంత పొడవు, ఏ గేర్లు పనిచేస్తాయి, వెంట ఏమేమి వస్తాయి’ అన్నవన్నీ ఫోన్లో మాటల్లో కాకుండా రాతలో తెప్పించుకోవాలి. అదే చట్టంలో ఇంకో మెలిక కూడా ఉంది. మీరు వెళ్లి చూశాక, ఆ చూపుకి అందాల్సిన లోపాన్ని పట్టుకోలేకపోతే ఆమేరకు తప్పు మీదే అవుతుంది. అంటే చూడ్డానికి వెళ్లడమొక్కటే చాలదు... తెలిసిన కళ్లతో చూడాలి.

వ్యాపారానికి కొన్నవాటికి వినియోగదారుల కమిషన్‌ వర్తించదని చాలామంది అనుకుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో దానికో మినహాయింపుంది. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొని, తనే వాడుకునే మనిషి వినియోగదారుడే. సొంత లేత్‌ మీద తనే పనిచేసే కుర్రాడు ఈ కోవలోకి వస్తాడు. అమ్మినవాడు ఎక్కడున్నా, కొన్నవాడు తాను ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. రెండేళ్లలోపు చేయాలి. అయిదు లక్షల రూపాయల వరకూ ఫీజు లేదు. సలహాకి 1915 నంబరుంది. కాకపోతే తన పాత మిషన్ని ఒక్కసారి అమ్ముకున్న మామూలు మనిషిమీద ఈ దారి పనిచేయకపోవచ్చు. ఇలాంటి వస్తువుల వ్యాపారం చేసేవాడి దగ్గర, బిల్లుతో కొంటేనే చేతిలో ఆధారం ఉంటుంది.

ఇక అసలు మిషనే లేని బేరాలు కొన్ని. ఎవరిదో ఫొటో పెడతారు. ‘గేట్‌పాస్‌ డబ్బు, మళ్లీ వాపసిస్తాం’ అంటారు. ‘టోకెన్‌ తిరిగి పంపుతున్నా, ఈ కోడ్‌ స్కాన్‌ చేసి పిన్‌ కొట్టు’ అంటారు. యూపీఐలో పిన్‌ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి ఎప్పుడూ కాదు. మోసపోయామని తెలిసిన మరుక్షణం 1930కి ఫోను చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. వస్తు విక్రయ చట్టం వచ్చిన ఏడాదీ, సైబర్‌ మోసాల నంబరూ ఒకటే. గుర్తుపెట్టుకోవడం తేలిక!

డబ్బు వెళ్లేముందు...

* ముందు మనిషి వెళ్లాలి. మీకు కుదరకపోతే ఆ ఊళ్లో లేత్‌ పని తెలిసిన మేస్త్రిని ఒక పూటకి కూలీ ఇచ్చి పంపండి.
* మీ షెడ్డులో ఏ కరెంటుందో, ఎంత లోడు మంజూరైందో కొనకముందే కరెంటు ఆఫీసులో అడగండి.
* ఆగి ఉన్న మిషన్ని మీ ఎదుటే నడిపించాలి. అన్ని స్పీడుల్లోనూ. కోత వేసి కొలవాలి.
* కొత్తగా రంగు వేసిన చోట గీకి చూడండి. పోత ఇనుము పగిలి అతికించింది అయితే వదిలేయండి.
* మొదట కొన్నప్పటి బిల్లు అడగండి. బ్యాంకు అప్పులో తాకట్టున్న మిషనో, దొంగసొత్తో కాదని తేల్చుకోండి.
* చక్‌లు, గేర్ల సెట్టు, టూల్‌పోస్టు... వెంట వచ్చే ప్రతిదీ కాగితం మీద రాయించండి.
* దించే ఖర్చుతో సహా కిరాయి ముందే తేల్చుకోండి. లేత్‌కి హెడ్‌స్టాక్‌ వైపు బరువెక్కువ. ఘాట్‌ మలుపుల్లో పక్కకి ఒరగకుండా కట్టించాలి. దారిలో దెబ్బతింటే ఎవరు బాధ్యులో రాసుకోవాలి.
* మొత్తం డబ్బు ముందే ఇవ్వద్దు. ‘ఇప్పుడే పంపకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తా’ అంటే ఇచ్చేయమనండి.

ఈ లెక్క వేసుకుంటే...

మళ్లీ మన కుర్రాడి దగ్గరికి వద్దాం. ఇద్దరు మనుషులు బస్సులో నర్సీపట్నం దిగి, రైలెక్కి వెళ్లి, ఒక రాత్రి ఉండి, మిషను చూసుకుని రావడానికి ఏడెనిమిది వేలవుతుందనుకుందాం. ‘అంత డబ్బు ఉత్తినే పోతుందా’ అని ఇంట్లో అంటారు. మిషను బాగాలేదని వట్టి చేతులతో తిరిగొస్తే మరీ అంటారు. కానీ ఆ వట్టి చేతుల్లో లక్షా నలభై వేలు మిగిలున్నాయి! ఆ ప్రయాణం ఖర్చుని మిషను ధరలో భాగంగానే లెక్కేసుకోవాలి. పెళ్లి సంబంధానికి వెళ్లొచ్చిన ఖర్చుని ఎవరూ దండగనరు కదా.

ఇంకో దారీ ఉంది. ఒకేసారి లేత్‌ దగ్గరికి పోకుండా వెల్డింగ్‌ సెట్టు, డ్రిల్లింగ్‌ మిషనుతో మొదలుపెట్టొచ్చు. కమ్మరులకీ వడ్రంగులకీ 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకి 15 వేల రూపాయల సాయం, అయిదు శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు ఉన్నాయి. ఆ అర్హత ఉన్నవాళ్లు పాత మిషను వేటకి వెళ్లేముందు దాని సంగతి కనుక్కోవడం మంచిది.

దూరపు కొండలు నునుపంటారు. కొండమీద పుట్టినవాళ్లకి ఆ సామెత అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. కిందినుంచి చూసేవాళ్లకి పచ్చటి తివాచీలా కనిపించే కొండమీద ఎన్ని రాళ్లున్నాయో, ఎన్ని ముళ్లున్నాయో నడిచిన కాళ్లకే తెలుసు. ఫోన్లో నిగనిగలాడే మిషన్ని చూసినప్పుడూ ఆ సంగతే గుర్తుతెచ్చుకుంటే చాలు. గేదె గట్టెక్కేదాకా డబ్బుమూట విప్పక్కర్లేదు!